చిన్నాయన కుట్టిన పుస్తకాన్ని మళ్లీ తెరిచినప్పుడు

ప్రశ్న: మాది హనుమకొండ. ఏటూరునాగారం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు బోధిస్తాను. నాకు నలభై అయిదేళ్లు. మా చిన్నాయన వరంగల్ ఆజంజాహి మిల్లులో కార్మికుడు. పిల్లల మాసపత్రికలో వచ్చే జానపద సీరియల్ పేజీలను నెలనెలా విప్పి దాచి, కథ ముగిశాక దారంతో కుట్టి, నీలం గుడ్డతో అట్ట వేసుకునేవాడు. చిన్నప్పుడు ఆదివారం వాళ్లింటికి వెళితే ఒక్క భాగం మాత్రమే చదవనిచ్చేవాడు. ఆయన పోయాక, వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకాన్ని మొన్న చిన్నమ్మ నా చేతికిచ్చింది. ఎంతో ఆశతో ఒక రాత్రి మొదలుపెట్టాను గానీ మూడో వంతు కూడా చదవలేకపోయాను. కథ సాగదీసినట్టు, చెప్పిందే చెప్పినట్టు అనిపించింది. రాకుమారి ఏడవడం తప్ప ఏమీ చేయదు. ఇక నెమలీకల కిరీటాలు పెట్టుకున్న అడవి మనుషులు కథానాయకుణ్ని బలి ఇవ్వబోయే ఘట్టం దగ్గర పుస్తకం మూసేశాను. నా తరగతిలో ఎక్కువమంది కోయ పిల్లలు. చిన్నప్పుడు అదే ఘట్టాన్ని ఊపిరి బిగబట్టి చదివాను. ఇప్పుడు దీన్ని పూర్తి చేయాలా, లేక ఇంతటితో ఆపితే పాత జ్ఞాపకమైనా మిగులుతుందా? ఇంగ్లీషులో లావుపాటి మాయల నవలలు చదివే నా పదేళ్ల కూతురికి దీన్ని ఇవ్వవచ్చా? చిన్నమ్మ ఫోన్ చేసి "సదువుతున్నవా బిడ్డా, ఎట్లున్నది?" అని అడిగితే బాగుందని అబద్ధం చెప్పాను. అది కూడా బాధిస్తోంది.

సమాధానం: ఈ పుస్తకాన్ని మీరు పూర్తి చేయాలనే నా అభిప్రాయం. అయితే మొదలుపెట్టిన పద్ధతిలో వద్దు, ఒక్క రాత్రిలో అసలే వద్దు. మీ నిరాశకు మూడు కారణాలు రాశారు: కథ సాగుతోందని, రాకుమారికి పని లేదని, అడవి మనుషుల చిత్రణ అన్యాయంగా ఉందని. ఆ రాత్రి ఈ మూడూ ఒక్కసారిగా మీద పడ్డాయి కనుక పుస్తకం మొత్తం చేజారిపోయినట్టు మీకు తోచింది. విడదీసి చూస్తే మొదటిదానికి చాలావరకు మందు ఉంది, రెండవది మీరు అనుకుంటున్నంత నష్టం చేయలేదు, మూడవది మాత్రం నిజమైన లోపం. దానితో సర్దుకుపొమ్మని నేను చెప్పను.

సీరియల్ పేరు మీరు రాశారు గానీ, మీ ప్రశ్న ఆ ఒక్క కథకు పరిమితమైనది కాదు కనుక దాన్ని ఇక్కడ ప్రస్తావించడం లేదు. ఆ తరహా కథలకు మన భాషలో పెద్ద ఆశ్రయం చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన ఆ పత్రికలో, 1950ల నడుమ నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన జానపద ధారావాహికలు తోకచుక్క, మకర దేవతలతో మొదలై రెండు దశాబ్దాలకు పైగా వస్తూనే ఉన్నాయి. వాటిమీద రచయిత పేరు ఉండేది కాదు. లక్షలమంది పిల్లలు ఆయన కథల కోసం నెలంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు గానీ, వాటిని రాసినది ఎవరో వారిలో చాలామందికి పెద్దయ్యేదాకా తెలియదు. పెద్దవాళ్లమయ్యాక ఆ పుస్తకాలను మళ్లీ తెరవడానికి నాకు ఇదొక్కటే చాలినంత కారణంగా కనిపిస్తుంది. పిల్లలుగా మనకు కథ మాత్రమే కనిపించింది. ఇప్పుడు ఆ కథ వెనుక, ప్రతి నెలా గడువులోగా కొన్ని పేజీలు ముగించి, వచ్చే నెల దాకా పిల్లలు మరిచిపోకుండా ఉండేలా చివరి వాక్యాన్ని దిద్దుకున్న ఒక మనిషి పని కనిపిస్తుంది.

ఆ పని తీరు తెలిస్తే మీకు సాగదీతగా తోచినది ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది. నెలకొకసారి వచ్చే కథకు ప్రతిసారీ మొదట్లో జరిగిన కథను గుర్తుచేయాలి, ఎందుకంటే ముప్పై రోజులు గడిచాయి, పైగా కిందటి సంచిక అందని పిల్లలూ ఉంటారు. పత్రిక ప్రతి ఊరికీ ప్రతి నెలా సక్రమంగా చేరే రోజులు కావవి. ఒక సంచిక తప్పిపోయిన పిల్లవాడు రెండు పేరాలు చదివి మళ్లీ కథలో పడగలగాలి. అందుకే పాత్రల పేర్లు, వారి గుర్తులు, వారు మోసుకుపోతున్న వస్తువు, వారు చేరవలసిన చోటు పదే పదే వస్తాయి. ప్రతి భాగం చివర ఒక ప్రమాదం ముంచుకొస్తుంది, తరువాతి భాగం మొదట్లోనే అది తొలగిపోతుంది. ఈ కట్టడాన్ని నెలకొక అరగా చదివితే అది ఉత్కంఠ అవుతుంది. పన్నెండు అరలను ఒకే రాత్రి వరుసగా తెరిస్తే అతుకులన్నీ బయటపడతాయి. రచయిత ఆ అతుకులను దాచలేదు, దాచవలసిన అవసరం ఆయనకు లేదు. పుస్తకంగా అచ్చు వేసేటప్పుడు కొందరు ప్రచురణకర్తలు ఈ పునరుక్తులను తీసేస్తారు. మీ చేతిలో ఉన్నది పత్రిక పేజీలే కనుక అవన్నీ అలాగే ఉన్నాయి.

మీ చిన్నాయన ఆదివారానికి ఒక్క భాగం అన్న నియమం పెట్టాడంటే, కావాలని చేసినా, పేజీలు నలిగిపోతాయన్న జాగ్రత్తతో చేసినా, ఆ కథను ఎలా చదవాలో అలాగే మీ చేత చదివించాడు. ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఆరు రోజులు ఆ కథ మీ దగ్గరే ఉంది. బడికి నడుస్తూ, నిద్రకు ముందు, గుహలోకి వెళ్లినవాడు ఎలా బయటపడతాడో మీరు పది రకాలుగా అల్లుకుని ఉంటారు. వాటిలో కొన్ని రచయిత రాసినదానికన్నా బాగుండి ఉంటాయి కూడా. కనుక మళ్లీ అదే పద్ధతి పాటించండి. వారానికి ఒకటి కుదరకపోతే రోజుకు ఒకటి చదవండి. ఇంకా చదవాలనిపించినా, సమయం ఉన్నా, "ఇంకా ఉంది" అన్న చోట పుస్తకం మూసేయండి. జరిగిన కథను చెప్పే ఆ మొదటి పేరాను కూడా దాటేయకండి. పెద్ద చదువరులకు వేగంగా చదివే అలవాటు ఉంటుంది. ఈ రకం కథల దగ్గర ఆ అలవాటు మనకే శత్రువు.

ఇక మీ భయం, చదివితే జ్ఞాపకం చెడుతుందేమోనన్నది. ఇక్కడ మీకు ఒక పాత పరిశోధన సంగతి చెప్పాలి. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఉత్తర అమెరికా ఆదివాసుల ఒక వింత జానపద కథను ఇంగ్లీషు పాఠకులకు ఇచ్చి చదివించి, కొన్నాళ్లకు, కొన్ని నెలలకు వాళ్ల చేత మళ్లీ చెప్పించాడు. ఆ ఫలితాలను 1932లో ప్రచురించాడు. కథ చెప్పే ప్రతిసారీ అందులోని వింతలు రాలిపోయి, తమకు తెలిసిన లోకానికి దగ్గరగా మారుతూ వచ్చింది. సీల్ జంతువుల వేటకు వెళ్లినవారు కొందరి జ్ఞాపకంలో చేపలు పట్టడానికి వెళ్లినవారయ్యారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. మనిషి జ్ఞాపకం గుర్తుచేసుకున్న ప్రతిసారీ కథను కొంత కొత్తగా కట్టుకుంటుందని ఆయన తేల్చాడు. అంటే మీరు కాపాడుకోవాలనుకుంటున్న ఆ పాత చదువు ముప్పై అయిదేళ్లుగా చెక్కుచెదరకుండా ఏమీ లేదు. అది మీతోపాటు ఎదుగుతూ, మారుతూ వచ్చింది. పుస్తకం మూసిపెట్టినంత మాత్రాన మార్పు ఆగదు. తెరిస్తే కనీసం ఏది పేజీలో ఉన్నదో, ఏది మీరు చేర్చుకున్నదో తెలుస్తుంది, ఆ రెండవది తెలియడం చాలా గొప్ప సంగతి.

నా అనుభవంలో ఒకటి చెబుతాను. చిన్నతనంలో నన్ను ఎంతో భయపెట్టిన ఒక గుహ దృశ్యాన్ని పెద్దయ్యాక వెతికి చదివితే, వచనంలో దానికి దక్కినవి రెండే వాక్యాలు. గుహ ఉంది, లోపల చీకటిగా ఉంది, అంతే. నాకు గుర్తున్న పొడవాటి వేళ్లు, కిందికి వేలాడే ఊడలు, వెనుకనుంచి పడే వెలుతురు అన్నీ పక్క పేజీ బొమ్మలోవి. బొమ్మలోనూ లేనివి కొన్ని ఉన్నాయి, అవి నావి. చందమామ ధారావాహికలకు 1978లో మరణించే దాకా బొమ్మలు వేసిన చిత్రకారుడు చిత్ర గారి గీతలో ఆ శక్తి ఉంది. మాంత్రికుడి గడ్డం, కొండ అంచు, దూరాన కోట బురుజు ఇలా నాలుగు గీతలు పెట్టి మిగతా అడవిని పిల్లలకు వదిలేసేవారు. రచయిత వాక్యాలూ అలాగే పొదుపుగా ఉండేవి. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా ఆ పత్రిక భాషను దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు చిన్న చిన్న మాటల్లో, వంక పెట్టలేని సాఫు తెలుగులో కథ నడవాలని పట్టుబట్టారు. ఆ సాదాతనం పెద్దవాళ్లకు మొదటి చూపులో బోసిగా కనిపిస్తుంది. మీరు తెలుగు ఉపాధ్యాయురాలు కనుక ఒక్క పేరాను తీసుకుని, అందులో ఎన్ని విశేషణాలున్నాయో, ఎన్ని క్రియలున్నాయో చూడండి. ఆ రచన ఎక్కడ బలం దాచుకుందో మీకు నాకన్నా బాగా తెలుస్తుంది. అందుకే ప్రతి భాగం చదివే ముందు బొమ్మను ఒక నిమిషం ఊరికే చూడమని నా సలహా. పెద్దయ్యాక మనం బొమ్మలను దాటేసి అక్షరాల మీదికి పోతాం.

రాకుమారి సంగతి క్లుప్తంగా చెబుతాను. మీరన్నది నిజం. ఆ కథల్లో రాకుమారిని ఎవరో ఎత్తుకుపోవాలి, చివరికి అర్ధరాజ్యంతో పాటు ఎవరికో ఇవ్వాలి. అయితే పదేళ్ల వయసులో మీరు ఆ కథను రాకుమారిగా చదివారని నేను అనుకోను. గుర్రం ఎక్కినదీ మీరే, కత్తి దూసినదీ మీరే, మాంత్రికుడి సీసాను పగలగొట్టినదీ మీరే. ఆడపిల్లకు కథలో చోటు లేకపోయినా మీరు లోపలికి నడిచి వెళ్లారు. ఆ చోటు ఇవ్వకపోవడం కథ లోపమే. మీరు దాన్ని లెక్కచేయకపోవడం మీ బలం, ఆ బలాన్ని ఇప్పుడు వెనక్కి ఇచ్చేయవలసిన పని లేదు.

అడవి మనుషుల ఘట్టం దగ్గర మీరు పుస్తకం మూసేయడం సరైన పనే. ఆ రోజుకు అక్కడ ఆగడమే సరైనది. ఇలాంటి చోట చాలామంది "ఆ కాలం అలాంటిది" అంటూ పేజీ తిప్పేస్తారు. మన ప్రాంతం నుంచి చూస్తే ఆ సమాధానం నిలవదు. ఇటువంటి పత్రికలు పుట్టకముందే, 1940లో ఆదిలాబాద్ జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం అడవి మీద, నేల మీద తన ప్రజల హక్కు కోసం పోరాడి ప్రాణాలిచ్చాడు. అదే దశాబ్దంలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆ ప్రాంతపు మార్లవాయిలో గోండుల మధ్య నివసించి వారి జీవితాన్ని వివరంగా గ్రంథస్తం చేశాడు, గోండు పిల్లలకు వారి భాషలో చదువు చెప్పే బడులు మొదలయ్యేలా చూశాడు. తెలుసుకోదలచినవారికి తెలిసే అవకాశం ఆ కాలంలోనూ ఉంది. నరబలి ఇచ్చే అడవి గుంపు అన్న ఊహ మన కొండల నుంచి పుట్టలేదు. పరదేశాల సాహస కథల నుంచి కొంత, సినిమాల నుంచి కొంత, ఊళ్లో ఉండేవారికి అడవి అంటే ఉండే పాత భయం నుంచి కొంత తెచ్చి అతికించినదని నా అభిప్రాయం. మీరు రాసిన నెమలీకల కిరీటం సంగతే చూడండి. దీపావళి రోజుల్లో దండారి పండుగలో ఆడే గోండు నర్తకులు, గుస్సాడీలు, ధరించే నెమలీకల టోపీ వారికి పవిత్రమైనది. ఆ నృత్యాన్ని జీవితమంతా నేర్పిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఒక జాతి దైవకార్యానికి ధరించేదాన్ని మరొకరు బొమ్మలో క్రూరత్వానికి గుర్తుగా గీశారన్నది చిన్న పొరపాటు కాదు. దాన్ని మీ మనసు పట్టుకుంది.

మీరు పనిచేసే చోటికి మేడారం ఎంతో దూరం లేదు. అక్కడి కథ ఈ పుస్తకంలోని కథకు సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. కరువు వచ్చి కప్పం కట్టలేకపోయిన అడవి మీదికి ఓరుగల్లు రాజు సైన్యం వెళుతుంది, సమ్మక్క, సారలమ్మ కత్తి పడతారు, సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచిన జంపన్న పేరే ఆ వాగుకు నిలుస్తుంది, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి మాయమవుతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆ గద్దెల దగ్గరికి, బెల్లాన్ని బంగారమని తలకెత్తుకుని, మైదానం ఊళ్ల నుంచి లక్షలమంది వస్తారు. చిన్నప్పుడు మీరూ వెళ్లి ఉంటారు. అంటే మీ బాల్యంలోనే అడవి గురించి రెండు కథలు ఉన్నాయి. ఒకటి గుడ్డ అట్ట మధ్య ఉంది, ఒకటి జాతర దారిలో ఉంది. రాకుమారి ఏడుస్తూ కూచున్న పుస్తకం పక్కన, ఇద్దరు స్త్రీలు యుద్ధం చేసిన కథ కూడా ఉంది. మళ్లీ చదివేటప్పుడు ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టుకోండి. జానపద సీరియళ్లన్నీ ఒకే మూసలో లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. దాసరి సుబ్రహ్మణ్యం గారి శిథిలాలయం సీరియల్లో ఇద్దరు కథానాయకుల్లో ఒకడైన శిఖిముఖి శబర తెగ యువకుడు. క్షత్రియుడైన మిత్రుడికి అతడు ఏ విధంగానూ తక్కువ కాదు. పిల్లల పత్రిక పేజీల్లోనే అలాంటి పాత్ర వచ్చిందంటే, మీ పుస్తకంలోని ఆ ఘట్టాన్ని మరోలా రాయడం సాధ్యమేనన్నమాట.

చిన్నప్పుడు ఆ ఘట్టాన్ని ఊపిరి బిగబట్టి చదివినందుకు మీరు సిగ్గుపడనక్కరలేదు. చెట్టుకు కట్టేసిన మనిషి తప్పించుకుంటాడా లేదా అన్న ఆందోళనతో చదివిన పిల్ల ఆమె. కట్టినవారెవరు, వారి ఊరేది, వారికి పిల్లలున్నారా అన్న ప్రశ్నలు ఆమెకు రాలేదు, రచయిత రానివ్వలేదు. ఇప్పుడు మీకు వస్తున్నాయంటే ఆ బల్లల మీద మీ ఎదుట కూర్చున్న పిల్లల వల్లనే. నా మాట వింటే, ఆ ఘట్టాన్ని మరొకసారి, ఆ గుంపులో ఒక పిల్లవాడు చెట్టు చాటు నుంచి గుర్రాల మీద వచ్చిన ఈ అపరిచితులను చూస్తున్నాడనుకుని చదవండి. కథ మారదు గానీ, దాని కొలతలు మీకు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక మీ అమ్మాయి. ఆమెకు ఈ పుస్తకాన్ని వారసత్వంగా ఇవ్వకండి. "మా చిన్నప్పుడు ఇలాంటివి చదివాం, మీకేం తెలుసు" అన్న మాట ఒక్కసారి వినబడితే చాలు, పిల్లలు ఆ పుస్తకాన్ని జన్మలో ముట్టుకోరు. పదేళ్ల పిల్ల లావుపాటి నవలలు తనంతట తాను చదువుతోందంటే ఆమెకు మాయాలోకం మీద ప్రేమ ఉన్నట్టే, అది ఏ భాషలో మొదలైనా సంతోషించదగినదే. మీరు చేయగలిగింది ఏమిటంటే, రాత్రి భోజనాలయ్యాక ఒక భాగాన్ని పైకి చదవడం. ఆ పాత పేజీలు చిన్న చేతుల్లో పెట్టే స్థితిలో ఉండకపోవచ్చు కనుక మీరే చదవడం పుస్తకానికీ మంచిది. పైకి చదివినప్పుడు ఈ రచన అందం బాగా తెలుస్తుంది. వాక్యాలు నోటికి హాయిగా తిరుగుతాయి, సంభాషణలను గొంతు మార్చి చదవవచ్చు, జరిగిన కథను ప్రతిరోజూ ఆమె చేతనే చెప్పించవచ్చు. ఆమె విసుగుపడితే ఆపేయండి, మరునాడు బతిమాలకండి. అంతకన్నా ముందు ఆమె చదువుతున్న నవలల్లో ఒకదాన్ని మీరు అడిగి తీసుకుని చదవండి, మొక్కుబడిగా కాక చివరిదాకా. తన పుస్తకాన్ని అమ్మ నిజంగా చదివిందని తెలిసిన పిల్ల, అమ్మ పుస్తకానికి చెవి ఒగ్గడానికి సాధారణంగా వెనుకాడదు.

బలి ఘట్టం వచ్చినప్పుడు దాన్ని కత్తిరించి చదవకండి. పిల్లలు అతుకు పడిన చోటును వెంటనే పసిగడతారు. ఉన్నది ఉన్నట్టు చదివి, ఆగి, మీరు పనిచేసే ఊరి గురించి, అక్కడి పిల్లల గురించి, మేడారం గురించి ఆమెకు చెప్పండి. మీ విద్యార్థుల్లో ఒకరు ఈ కథ వింటే ఏమంటారని ఆమెనే అడగండి. అయితే ఆ ఘట్టాన్ని చర్చ కోసమే అయినా మీ తరగతిలో చదివి వినిపించవద్దని నా అభిప్రాయం. తన గురించి ఎవరో రాసిన అవమానాన్ని తోటివారందరి ముందు విని, దానిమీద అభిప్రాయం కూడా చెప్పవలసిన భారం ఏ పిల్లవాడి మీదా పెట్టకూడదు. వాళ్ల చేత వాళ్ల ఇళ్లలో చెప్పుకునే కథలు రాయించండి.

ఇన్ని జాగ్రత్తలతో చదివినా సగం దాటేసరికి పుస్తకం మీకు ఇంకా చప్పగానే ఉంటే, నిస్సంకోచంగా ఆపేయండి. అన్ని పుస్తకాలూ రెండవ చదువుకు నిలవవు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నిజానికి ఈ విషయమే. పుస్తకం నచ్చలేదని ఒప్పుకుంటే చిన్నాయనను కించపరిచినట్టవుతుందని మీరు భయపడుతున్నారు. ఆ కథ ఆయన రాసినది కాదు. ఆయన చేసిన పని వేరు. మిల్లులో షిఫ్టు ముగించుకుని వచ్చి, ప్రతి నెలా పిన్నులు ఊడదీసి, తనకు కావలసిన పేజీలు వేరు చేసి, వరుస తప్పకుండా దాచి, ఏడాదో రెండేళ్లో ఆగి కుట్టిన మనిషి ఆయన. ఆ కుట్టును ఒకసారి నిదానంగా చూడండి: సూది ఎంత దూరానికి ఒకసారి దిగిందో, దారం ఎక్కడ ముడి పడిందో, మార్జిన్‌లో నెల పేరు ఏమైనా రాశాడేమో. ఇలా పత్రిక నుంచి వేరు చేసి కట్టుకున్న పుస్తకాల్లో చాలాసార్లు ఒక భాగం చివరి పేజీ వెనుకవైపు మరేదో కథ మొదలై ఉంటుంది, దాని మిగతా సగం పారేసిన పేజీల్లో పోయి ఉంటుంది. మీ దానిలోనూ అలాంటివి ఉంటే, ఆ సగం కథలను మీ అమ్మాయి చేత పూర్తి చేయించండి. ఆమెకు అసలు సీరియల్ కన్నా అదే నచ్చినా నేను ఆశ్చర్యపోను.

పుస్తకం ఆరోగ్యం గురించి రెండు మాటలు. ఆ కాలపు పత్రికలు చవక కాగితం మీద అచ్చయ్యాయి. కలప గుజ్జుతో చేసిన ఆ కాగితంలో ఏళ్లు గడిచేకొద్దీ ఆమ్లం పెరిగి, పసుపుపచ్చబారి, మడతల దగ్గర పెళుసెక్కుతుంది. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ జోలికి పోకండి. తుప్పు పట్టిన పిన్ను ఏదైనా మిగిలి ఉంటే నెమ్మదిగా తీసేయించండి. ఎండ తగలని, చెమ్మ లేని చోట పడుకోబెట్టి ఉంచండి. కిటికీ వెలుతురులో, కుట్టు మీద బలం పడకుండా కొద్దిగా మాత్రమే తెరిచి, ఫోన్‌తో ప్రతి పేజీనీ ఫొటో తీసి పెట్టుకుంటే, రోజూ చదవడానికి ఆ ఫొటోలు సరిపోతాయి.

చిన్నమ్మతో అన్న మాట గురించి అంత బాధపడకండి గానీ, ఈసారి ఆమె ఫోన్ చేసేదాకా ఆగకుండా మీరే చేయండి, వీలైతే వెళ్లండి. "కథ అప్పటిలాగా అనిపిస్తలేదు చిన్నమ్మా" అని ఉన్నమాట చెప్పండి. ఆమె అడిగిన "ఎట్లున్నది" అన్న ప్రశ్న కథ బాగోగుల గురించే అని నాకు అనిపించడం లేదు. ఆయన కుట్టిన పుస్తకాన్ని ఎవరైనా తెరిచారా అని ఆమె తెలుసుకోవాలనుకుంటోంది. ఆ నీలం గుడ్డ ఎక్కడిది, మిల్లు నుంచి తెచ్చినదా, ఇంట్లో పాత బట్టలోదా, ఆయన కుడుతున్నప్పుడు పక్కన ఎవరుండేవారు, మిగతా పుస్తకాలు ఎవరికి చేరాయి అన్న ప్రశ్నలు అడగండి. ఆమె చెప్పేవి మరిచిపోకముందే రాసిపెట్టుకోండి.